లాల్‌బాగ్‌లో చెట్లను పరిచయం చేసే స్వచ్ఛంద సేవ: ఎలా సిద్ధం కావాలి, ఎలా నడిపించాలి

బెంగళూరు లాల్‌బాగ్‌కు వచ్చే తెలుగు కుటుంబాల నడక చాలావరకు ఒకే తీరుగా సాగుతుంది. గాజింటి (గ్లాస్ హౌస్) ముందు ఫోటో తీసుకుంటారు, పూల గడియారం చూస్తారు, బండ ఎక్కి కెంపేగౌడ గోపురం దగ్గర కాసేపు కూర్చుంటారు, చెరువు గట్టున పిల్లలకు ఏదైనా తినిపించి తిరుగుముఖం పడతారు. 240 ఎకరాల ఆ తోటలో దారి పొడవునా నిలబడి ఉన్న చెట్లను చూసి "ఇదేం చెట్టు?" అని ఒకరినొకరు అడుగుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను, జవాబు చెప్పేవారు పక్కన లేనందువల్ల ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. వారానికి ఒక ఉదయం, లేదా నెలకు రెండు ఉదయాలు కేటాయించగలిగిన ఎవరైనా ఆ ప్రశ్నను ముందుకు నడిపించగలరు. అందుకు వృక్షశాస్త్రంలో పట్టా అక్కరలేదు. ఓపిక, క్రమం తప్పకుండా నడిచే అలవాటు, తెలిసినంత మేరకే మాట్లాడే నియమం ఉంటే చాలు.

ఈ వ్యాసం లాల్‌బాగ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినదే అయినా, హైదరాబాదు నాంపల్లిలోని బాగ్-ఎ-ఆమ్‌లోనో కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లోనో ఇదే పని చేయదలచినవారికి కూడా ఇందులోని పద్ధతి పనికివస్తుంది. చెట్లూ చరిత్రా మాత్రం అక్కడివి నేర్చుకోవాలి.

ముందు వినండి, తరువాత అనుమతి అడగండి

మొదటి రోజే నలుగురిని వెంటబెట్టుకుని బయలుదేరకండి. నగరంలో ప్రకృతి నడకలు నిర్వహించే బృందాలు ఉంటాయి. వాటిలో మూడు నాలుగింటికి మామూలు సందర్శకుడిలా వెళ్ళి, నడిపించేవారు ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు మాట్లాడుతున్నారు, జనం ఎప్పుడు ఫోన్లు బయటికి తీస్తున్నారు అన్నది గమనించండి. ఫోన్లు బయటికి వచ్చిన చోటును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్కడ మాట ఎక్కువైంది, చూపు తక్కువైంది.

ఆ తరువాత అనుమతి. లాల్‌బాగ్ కర్ణాటక ఉద్యాన శాఖ అధీనంలోని ప్రభుత్వ తోట. ఆ శాఖ కార్యాలయం తోట ఆవరణలోనే ఉంది. పని దినాన వెళ్ళి, మీరెవరో, ఏ రోజుల్లో ఏ వేళకు రాగలరో, ఏ భాషల్లో మాట్లాడగలరో, ఒక్కసారికి ఎంతమందిని తీసుకువెళ్ళాలనుకుంటున్నారో రాసిన ఒక పేజీ లేఖ ఇవ్వండి. సందర్శకుల నుంచి డబ్బు తీసుకోనని ఆ లేఖలో స్పష్టంగా రాయండి. లేఖ కన్నడంలో ఉంటే పని సులువవుతుంది. రాయడం రాకపోతే కన్నడ మిత్రుల సాయం తీసుకోండి. గుంపు ఎంత పెద్దదైతే విడిగా అనుమతి కావాలి, మైకు వాడవచ్చా, ఏ ప్రాంతాల్లోకి సందర్శకులను తీసుకుపోకూడదు, ఎవరికైనా దెబ్బ తగిలితే ముందుగా ఎవరికి చెప్పాలి అన్న నాలుగు విషయాలు అప్పుడే అడిగి తెలుసుకోండి. జవాబులు రాతపూర్వకంగా దొరికితే మరీ మంచిది, ఎందుకంటే గేటు దగ్గరి భద్రతా సిబ్బంది మారుతుంటారు, మీరు ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది.

గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా ఏటా రెండుసార్లు జరిగే పూల ప్రదర్శనల రోజుల్లో గుంపును వెంటబెట్టుకు నడవడం సాధ్యం కాదు. ఆ రోజుల్లో ఒకే చెట్టు కింద నిలబడి వచ్చినవారికి వచ్చినట్టు చెప్పే పని ఏదైనా ఇవ్వగలరేమో అడగండి. కొత్తవారికి అది మంచి శిక్షణ, ఎందుకంటే ఒకే మాటను రెండు వందల సార్లు చెప్పాక అందులో అనవసరమైనదంతా దానంతట అదే రాలిపోతుంది.

ఒక దారిని ఎంచుకుని, ఏడాది పాటు నడవండి

తోట మొత్తం నేర్చుకోవాలని ప్రయత్నించకండి. ఒక కిలోమీటరుకు మించని దారిని, ఎనిమిది నుంచి పది ఆగే చోట్లను ఎంచుకోండి. మెట్రోలో వచ్చేవారు గ్రీన్ లైనులోని లాల్‌బాగ్ స్టేషనులో దిగి పడమటి గేటు వైపు నుంచి వస్తారు కాబట్టి, కలుసుకునే చోటును దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. దారిలో నీడ ఉండాలి, కూర్చునే బల్లలు ఉండాలి, మధ్యలో ఒక మరుగుదొడ్డి ఉండాలి. పెద్దవారు ఉన్న గుంపుకు మీరు చెప్పే ఏ చెట్టు కథ కన్నా ఇవే ముఖ్యం.

దారి నిర్ణయమయ్యాక దానిని ప్రతి వారం ఒకసారి ఒంటరిగా నడిచి, తేదీ వేసి, ప్రతి చెట్టు గురించి ఒక్కొక్క వాక్యం రాసుకోండి. ఆకు రాలిందా, చిగురు వచ్చిందా, మొగ్గ తొడిగిందా, కాయ పగిలిందా అన్నంత వరకే. ఏడాది గడిచేసరికి మీ చేతిలో ఏ పుస్తకంలోనూ దొరకని పంచాంగం ఉంటుంది. లాల్‌బాగ్ విషయంలో దీనికి మరో కారణం కూడా ఉంది. 1908లో ఇక్కడికి వచ్చిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్ అనే జర్మన్ ఉద్యాన నిపుణుడు, లండన్ క్యూ తోటలోనూ బరోడా సంస్థానంలోనూ పనిచేసిన అనుభవంతో, ఒక చెట్టు పూత ముగిసేలోగా మరో చెట్టు పూత మొదలయ్యేలా నగరమంతటా చెట్ల వరుసలు నాటించే పద్ధతిని పాటించారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసుపు టబెబుయా, దాని వెంట నీలి జకరండా, ఎండ ముదిరాక తురాయి, రేల వరుసగా పూయడం వెనుక ఆ ఆలోచన ఉంది. మీరు జనవరిలో నేర్చుకున్న పాఠాన్నే మే నెలలో ఒప్పజెబితే, కళ్ళ ముందు ఎర్రగా మండుతున్న తురాయిని వదిలేసి ఎప్పుడో రాలిపోయిన పూల గురించి మాట్లాడినవారవుతారు. అందువల్ల దారి ఒకటే అయినా, ఆగే చోట్లు నెలనెలా మారాలి.

పేర్ల విషయంలో పాటించవలసిన జాగ్రత్త

ఈ పనిలో తప్పు జరిగేది ఎక్కువగా పేర్ల దగ్గరే. నేను మొదలుపెట్టిన కొత్తలో, సన్నగా నిటారుగా పెరిగి, అంచులు అలలుగా ఉన్న ఆకులను కిందికి వేలాడదీసే చెట్టును చూపించి "ఇదే అశోక చెట్టు, సీతమ్మవారు కూర్చున్నది ఇలాంటి చెట్టు కిందే" అని కొన్ని వారాల పాటు చెప్పాను. అది నరమామిడి. నగరాల్లో చాలామంది దానినే అశోకమని పిలుస్తారు. అసలు అశోకం మధ్యస్థంగా పెరిగే చెట్టు. దాని నారింజ ఎరుపు పూగుత్తులు కొమ్మల నుంచి, ఒక్కోసారి కాండం నుంచే నేరుగా పుట్టుకువస్తాయి. లేత చిగుళ్ళు రాగి రంగులో మెత్తగా వేలాడుతాయి. పొరపాటు తెలిశాక నా నోట్‌బుక్కులో దిద్దుకోగలిగాను గానీ, ఆ వారాల్లో నా వెంట నడిచి వెళ్ళినవారిలో ఒక్కరికి కూడా ఆ దిద్దుబాటు చేర్చలేకపోయాను. సందర్శకులు మనం చెప్పినదాన్ని నమ్మి ఇంటికి తీసుకువెళ్ళి పిల్లలకు చెబుతారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి మీ దారిలోని ప్రతి చెట్టుకు మూడు పేర్లు నేర్చుకోండి: తెలుగు పేరు, కన్నడ పేరు, శాస్త్రీయ నామం. చెట్టుకు కొట్టిన పలకను మాత్రమే నమ్ముకోకండి, ఎందుకంటే పలకలు ఊడిపోతాయి, పక్క చెట్టు మీదికి మారిపోతాయి. ఆకు అమరిక, బెరడు, పువ్వు, కాయ అన్న నాలుగింటిలో కనీసం రెండు సరిపోలిన తరువాతే పేరు ఖాయం చేసుకోండి.

శాస్త్రీయ నామం ఎందుకని కొందరు అడుగుతారు. నిద్రగన్నేరు అన్న పేరే మంచి ఉదాహరణ. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకునే ఆ మహావృక్షం మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చినది; గన్నేరుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. సీమచింత చింత కాదు. సీమవంకాయ వంకాయ కాదు. అయితే ఆ "సీమ" అన్న మాటనే పట్టుకుని సందర్శకులను ఆలోచింపజేయవచ్చు. సముద్రం దాటి వచ్చిన మొక్కకు మన పెద్దలు పెట్టిన గుర్తు అది, కన్నడిగులు కూడా అదే చోట "సీమె" అంటారు. శాస్త్రీయ నామం మొక్క ఏ కుటుంబానిదో చెబితే, ఊరి పేరు అది మన ఇంటికి ఎలా వచ్చిందో చెబుతుంది. రెండూ కావాలి.

కన్నడ పేర్లు నేర్చుకోవడం తెలుగువారికి కష్టం కాదు. మన మాట మొదట్లో ఉండే "ప" అక్షరం కన్నడంలో చాలాచోట్ల "హ"గా వినిపిస్తుందని పిల్లలకు చెప్పి చూడండి. పాలు హాలు, పువ్వు హూవు, పులి హులి, పనస హలసు అని వారే వరుసపెట్టి చెప్పడం మొదలుపెడతారు. వేప బేవు, నేరేడు నేరళె, చింత హుణసె, కానుగ హొంగె, రావి అరళి, మర్రి ఆల. తోటమాలి "ఇదు హొంగె మర" అని చెప్పినప్పుడు మీ గుంపులోని హిందూపురం పెద్దాయన "ఓహో, కానుగ మాను" అని అందుకుంటే, ఆ చెట్టు ఇద్దరిదీ అవుతుంది.

చరిత్రను కంటికి కనిపించే వస్తువుకు కట్టండి

సంవత్సరాల జాబితా ఎవరికీ గుర్తుండదు. ఏ వస్తువు ముందు నిలబడ్డారో ఆ వస్తువుకు సంబంధించిన తేదీ ఒక్కటే చెప్పండి. మీకు మాత్రం మొత్తం క్రమం తెలిసి ఉండాలి. 1760లో హైదర్ అలీ ఈ తోటను వేయించడం మొదలుపెట్టారు. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి దీనిని పెంచారు. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక తోట ఆంగ్లేయుల చేతుల్లోకి వెళ్ళింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర తోటగా మారింది. 1874 నుంచి జాన్ కామెరాన్, 1908 నుంచి క్రుంబీగెల్, ఆ తరువాత హెచ్. సి. జవరాయ, ఎం. హెచ్. మరిగౌడ దీని బాగోగులు చూశారు. తోట పక్కనున్న రోడ్లకు క్రుంబీగెల్, మరిగౌడల పేర్లు ఉన్నాయి. సందర్శకులు ఆటోలో ఆ రోడ్డు మీదుగానే వచ్చి ఉంటారు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడితే ఆ పేర్లు నిలుస్తాయి.

గాజిల్లు దగ్గర అందరూ ఆగుతారు. 1889 నవంబరు 30న ఆల్బర్ట్ విక్టర్ యువరాజు దానికి శంకుస్థాపన చేశారని, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తరహాలో కట్టారని చెప్పి ఊరుకోవచ్చు. కానీ తెలుగు గుంపుకు కామెరాన్ గురించి చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. మన ఇళ్ళలో పప్పులోనూ కూటులోనూ వేసే బెంగళూరు వంకాయ పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. దానిని ఇక్కడ పెంచి వ్యాప్తిలోకి తెచ్చినవారిగా కామెరాన్‌ను చెప్పుకుంటారు. "మీ వంటింట్లో ఉన్న కూరగాయ పేరులో ఈ ఊరు ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా అమ్మా?" అని అడిగితే, అంతవరకు వెనుక నడుస్తున్న గృహిణులు ముందుకు వస్తారు. ఆ తరువాత వారు మీకు చెప్పే వంటలు కూడా విని రాసుకోండి.

బండ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. లాల్‌బాగ్‌లో అన్నింటికన్నా పాతది అదే, అయినా అందరూ తొక్కుకుంటూ పోయేదీ దాన్నే. సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటి ఈ శిలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. మైసూరు సంస్థాన భూగర్భ శాఖకు చెందిన డబ్ల్యూ. ఎఫ్. స్మీత్ 1916లో ఈ జాతి శిలకు ద్వీపకల్ప నైస్ (వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయిని నైస్ అంటారు) అని పేరు పెట్టారు. అంకె చెప్పే ముందు అందరినీ చెప్పులు విడిచి, అరచేయి రాతి మీద ఆనించి, నల్లటి తెల్లటి చారలు ఎటు సాగుతున్నాయో వేలితో వెంబడించమనండి. వేడికీ ఒత్తిడికీ లోతున మెత్తబడి మెలితిరిగిన రాయి ఆ చారల రూపంలో తన కథ తానే చెబుతుంది. లేపాక్షి, హిందూపురం వైపు నుంచి వచ్చినవారు ఉంటే వారి ఊరి గుట్టలు కూడా ఈ పురాతన దక్కను రాతినేల మీదివే అని చెప్పండి. అటుపైన తోటలోనే ఉన్న రాతిగా మారిన చెట్టు మొద్దును చూపించండి. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన ఆ మొద్దు వయసు సుమారు 2 కోట్ల ఏళ్ళు. బండను చూసి వచ్చినవారికి 2 కోట్లు నిన్నటి మాటగా తోస్తుంది, ముందు మొద్దును చూపిస్తే ఈ తేడా వారికి అందదు. అందుకే వరుస ముఖ్యం.

రాజుల పేర్లు, అధికారుల పేర్లు చెప్పి ఆగిపోకండి. తరతరాలుగా ఈ ఊరి తోటల్లో మట్టిపని చేసినవారిలో తిగళ సముదాయం ముఖ్యమైనది. బెంగళూరు కరగ ఉత్సవం వారిదే. నీరు మోసి, అంట్లు కట్టి, ఎండల్లో మొక్కను బతికించిన చేతులు లేకుండా ఏ యువరాజు శంకుస్థాపన చేసినా తోట మిగలదని నా గట్టి నమ్మకం. దారిలో తోటమాలి పనిచేస్తూ కనిపిస్తే, వారికి వీలుంటేనే, ఒక్క నిమిషం మాట్లాడమని అడగండి. గుంపు ముందు వారిని "అన్నా", "అక్కా" అని గౌరవంగా పలకరించండి. మీరు పలకరించిన తీరే గుంపు నేర్చుకుంటుంది.

నడక రోజు

వేసవిలో ఉదయం ఏడింటికి, చలికాలంలో మరో అరగంట ఆలస్యంగా మొదలుపెట్టండి. ప్రవేశ వేళలు, రుసుములు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే గేటు దగ్గరి బోర్డు చూసుకోండి. పదిహేనుమంది దాటితే వెనుకవారికి వినబడదు. ఎక్కువమంది వస్తే రెండో జట్టుగా మరో వేళకు రమ్మనడం మంచిది. మీ వెంట నీళ్ళు, చిన్న ప్రథమ చికిత్స సంచి, భూతద్దం, నోట్‌బుక్కు ఉండాలి. నడకకు ముందు రాత్రి గాలివాన పడితే తెల్లవారుజామునే ఒకసారి దారి చూసి రండి. విరిగి వేలాడుతున్న కొమ్మలు ఉన్న చెట్టు కింద గుంపును నిలపకూడదు.

అందరూ చేరాక నాలుగు మాటలు చెప్పండి: ఎంతసేపు నడుస్తాం, ఎక్కడ కూర్చుంటాం, చెట్టు మీది పువ్వూ ఆకూ కోయం, నేల మీద రాలినది చూసి అక్కడే వదిలేస్తాం. ఆ తరువాత మీ గురించి కాకుండా వారి గురించి అడగండి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఇంటి ముందు ఏ చెట్టు ఉండేదో చెప్పమనండి. ఈ రెండు నిమిషాల్లో మీ నడక సగం సిద్ధమవుతుంది, ఎందుకంటే ఎవరింటి ముందు పొగడ చెట్టు ఉండేదో, ఎవరు ఇప్పపూలు ఏరేవారో తెలిస్తే, ఏ చెట్టు దగ్గర ఎవరిని మాట్లాడనివ్వాలో మీకు తెలిసిపోతుంది.

ఆగిన చోట నిలబడే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితం పెద్దది. ఎండ మీ ముఖం మీద పడాలి, వారి వీపు మీద పడాలి. వారు నీడలో ఉండాలి, అవసరమైతే మీరు ఎండలో నిలబడాలి. చివరి మనిషి చేరేదాకా మాట్లాడకండి. మోకాళ్ళ నొప్పితో నెమ్మదిగా వచ్చే పెద్దమ్మ చేరుకునేసరికి మీ కథ ముగిసి, మిగిలినవారు మళ్ళీ నడక అందుకుంటే, ఆమెకు ఆ ఉదయమంతా నడకే తప్ప తోట మిగలదు.

పేరు చివర చెప్పండి. ఈ వ్యాసంలో ఒక్క సలహాయే గుర్తుంచుకోగలిగితే దీనిని ఉంచుకోమని కోరుతాను. చెట్టు ముందు నిలబడగానే పేరు చెబితే చూడడం ఆగిపోతుంది. పేరు తెలిసిపోయింది కదా అని కళ్ళు పక్కకు తిరుగుతాయి. పెద్ద తెల్లబూరుగు దగ్గరికి తీసుకువెళ్ళి, ఏమీ చెప్పకుండా, "ఈ చెట్టు ఇంత ఎత్తు పెరిగి గాలికి పడిపోకుండా ఎలా నిలబడిందో చూసి చెప్పండి" అనండి. పిల్లలు వెంటనే మొదట్లో గోడల్లా లేచిన వేళ్ళ చుట్టూ తిరుగుతారు, ఒకరు వాటి మధ్య దాక్కుంటారు, ఒక తాత చేతికర్రతో వాటి పొడవు కొలుస్తారు. వారు చూడవలసినదంతా చూశాక పేరు చెప్పండి, కాయలోని దూది గురించి చెప్పండి, ఊళ్ళో దిండ్లలో కూరే బూరుగు దూదిని గుర్తుచేయండి. అప్పుడు పేరు దేనికి అంటుకోవాలో దానికి అంటుకుంటుంది.

ఒకసారి అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక రైతు పెద్దాయన కానుగ చెట్టు దగ్గర ఆగి, "ఇది మా కానుగ మానే కదప్పా, దీనికింత బోర్డు పెట్టినారే" అన్నారు. నేను సిద్ధం చేసుకున్న మాటలు పక్కనపెట్టి, "మీ ఊళ్ళో దీంతో ఏం చేస్తారు, పెద్దాయనా?" అని అడిగాను. వరిమడిలో ఆకు తొక్కించడం, గింజల నూనెతో దీపం పెట్టడం, పుల్లతో పళ్ళు తోముకోవడం అన్నీ ఆయన పది నిమిషాల పాటు చెప్పారు. చెట్టు మీద కాసిన కాయ ఒకటి నేల మీద దొరికితే గోటితో చీల్చి గింజ చూపించారు. ఆ రోజు గుంపులో ఉన్న నగరపు పిల్లలకు కానుగను ఆయనే నేర్పారు. గుంపులో తెలిసినవారు ఉన్నప్పుడు మీరు తప్పుకుని వారికి చోటివ్వడం కూడా ఈ సేవలో భాగమే.

ఇబ్బందికరమైన ప్రశ్నలు, ప్రమాదాలు

నాగమల్లి చెట్టు దగ్గర తప్పకుండా ఒక సున్నితమైన సందర్భం వస్తుంది. పువ్వు నడిమి భాగం మీద పడగలా వంగిన కేసరాలను చూసి భక్తులు చేతులు జోడిస్తారు, శివలింగం మీద నాగేంద్రుడు గొడుగు పట్టినట్టుందని అంటారు. ఆ చెట్టు స్వస్థలం దక్షిణ అమెరికా అన్నది నిజం; శివాలయాల్లో ఆ పువ్వుకు దక్కిన గౌరవమూ నిజమే. నమస్కరిస్తున్నవారిని ముందుగా నమస్కరించనివ్వండి. తరువాత, ఎంతో దూరం నుంచి వచ్చిన ఒక చెట్టును మనవాళ్ళు ఎలా తమ పూజలో చేర్చుకున్నారో చెప్పండి. నమ్మకాన్ని కొట్టివేయడానికో, చెట్టు అనాదిగా ఇక్కడిదేనని ఒప్పుకోవడానికో మీరు అక్కడ లేరు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. ఫిరంగి గుండంత కాయలు బరువుగా ఉంటాయి కాబట్టి చెట్టుకు కాస్త దూరంగానే నిలపండి.

మందుల ప్రశ్న ప్రతి నడకలోనూ వస్తుంది. "నేరేడు గింజల పొడి షుగరుకు ఎంత తీసుకోవాలి?" అని అడిగేవారికి, ఆ చెట్టును వైద్యంలో వాడతారన్న మాట దాటి ఏమీ చెప్పకండి. మోతాదు చెప్పే అర్హత మనకు లేదు. మన మాట నమ్మి వాడుతున్న మందు ఆపినవారు ఉంటే దానికి మనమే బాధ్యులం. "అది డాక్టరుగారినే అడగాలమ్మా" అని మెత్తగా, కానీ మార్చకుండా చెప్పండి. దానికి మారుగా విషం గురించి మాత్రం తప్పకుండా చెప్పండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఆముదం గింజలు, ఎర్రగా మెరిసే గురివింద గింజలు నోట్లో పెట్టుకోరాదని పిల్లలున్న ప్రతి గుంపుకూ గుర్తుచేయాలి.

పెద్ద చెట్ల మీద తేనెపట్టులు ఉంటాయి. దారిలో పట్టు ఉంటే ఆ రోజు దారి మార్చండి. దాని కింద గట్టిగా మాట్లాడడం, ఫోటో కోసం దగ్గరికి పోవడం వద్దని ముందే చెప్పండి. వాన వెలిశాక బండ జారుతుంది, వేసవి మధ్యాహ్నం అరికాళ్ళు కాలుతాయి. బెరడు మీద పేర్లు చెక్కేవారు కనిపిస్తే కేకలు వేయకుండా, బెరడు లోపలి పొర గుండానే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు దిగుతుందని, చుట్టూ కోస్తే చెట్టు ఆకలితో చనిపోతుందని చెప్పండి. వినకపోతే సిబ్బందికి తెలియజేసి ముందుకు సాగండి.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అనడానికి వెనుకాడకండి. ప్రశ్నను అడిగినవారి ఎదుటే నోట్‌బుక్కులో రాయండి. టిప్పు నాటినదని చెప్పుకునే మామిడి చెట్ల వంటి కథలను "అని చెబుతారు" అన్న మాటతోనే చెప్పండి.

నడక ముగిశాక

ఎవరైనా డబ్బు ఇవ్వబోతే నమస్కరించి వద్దనండి. పట్టుబడితే, ఆ డబ్బుతో తమ ఊళ్ళో ఒక మొక్క నాటించమనండి. అదే రోజు సాయంత్రం, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఏ చోట గుంపు చురుగ్గా ఉంది, ఏ చోట చెదిరిపోయింది, ఏ మాట తప్పుగా చెప్పారు అన్నవి రాసుకోండి. పలక ఊడిన చెట్టు, పుచ్చిన కొమ్మ, నీరు కారుతున్న గొట్టం కనిపిస్తే తోట కార్యాలయానికి తెలియజేయండి. వారానికోసారి అదే దారి నడిచే మీ కంటికి అవి అందరికన్నా ముందు పడతాయి. ప్రతి ఆదివారం వస్తానని మాటిచ్చి మూడో నెలలో మానేయడం కన్నా, నెలకు రెండే వస్తానని చెప్పి రెండేళ్ళు రావడం కార్యాలయానికీ సందర్శకులకూ మేలు చేస్తుంది.

నోట్‌బుక్కులో రాసుకున్న ప్రశ్నలకు జవాబులు వెతకడానికి వారం మధ్యలో ఒక గంట కేటాయించండి. మొన్న ఒక పాప నాగమల్లి కాయ లోపల ఏముంటుందని అడిగింది. పగిలిన కాయ గుజ్జు గాలి తగలగానే రంగు మారుతుందనీ, దుర్వాసన వేస్తుందనీ మాటల్లో చెప్పవచ్చు. అంతకన్నా, చెట్టు కింద పగిలిన కాయ ఎప్పుడు కనిపిస్తుందో చూస్తూ ఉండండి. కనిపించిన రోజున ముందుగా అనుకున్న వరుసను పక్కనపెట్టి, గుంపును మొదట అక్కడికే తీసుకువెళ్ళండి.